కారణం ముందా, నిర్ణయం ముందా?

ప్రశ్న: ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. మొదట్లో బ్రాంచి నచ్చింది. గణితంలో రెండుసార్లు ఫెయిలయ్యాక దీనికి భవిష్యత్తు లేదని అర్థమైంది. మానేసి డిజైన్ కోర్సులో చేరతానంటే నాన్న అవన్నీ సాకులంటున్నారు. నిజంగా సాకులేనా?

జవాబు: మీరు చెప్పిన కారణాలు అబద్ధాలని నేను అనను. కానీ అవి ఎప్పుడు పుట్టాయో చూడండి. ఫెయిలయ్యే దాకా ఈ బ్రాంచి మీకు బాగానే ఉంది.

ఇది మీ ఒక్కరి సంగతే కాదు. 2005లో స్వీడన్ పరిశోధకులు పెటర్ యోహాన్సన్, లార్స్ హాల్ బృందం ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. రెండేసి ముఖాల ఫొటోలు చూపించి, నచ్చినది ఎంచుకోమన్నారు. తర్వాత చేతివాటంతో, వద్దన్న ఫొటోనే చేతికిచ్చి ‘ఇదెందుకు నచ్చింది?’ అని అడిగారు. ఎక్కువసార్లు ఆ మార్పును ఎవరూ పట్టుకోలేదు. పైగా తడుముకోకుండా కారణాలు చెప్పారు. చెవిపోగులంటే ఇష్టమని ఒకాయన అన్నాడు. ఆయన నిజంగా ఎంచుకున్న ముఖానికి చెవిపోగులే లేవు! ఆయన అబద్ధమాడలేదు, తను చెప్పింది తనే నమ్మాడు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది అదే.

కోరుకున్నంత మాత్రాన మనసు దేన్నీ నమ్మేయదని మనస్తత్వ శాస్త్రవేత్త జీవా కుండా 1990లో వివరించారు. నలుగురికీ సబబుగా తోచే ఆధారాలు కూడగట్టుకుంటుంది. కాకపోతే ఎక్కడ వెతకాలో, ఎక్కడ ఆపాలో చాలావరకు కోరికే చెబుతుంది. బ్రాంచికి ఉద్యోగాలు లేవని ఎన్ని వీడియోలు చూశారు? డిజైన్‌లో పోటీ ఎలా ఉందో ఎన్ని చూశారు?

‘ఇకనుంచి నిష్పక్షపాతంగా ఆలోచిస్తా’ అనుకుంటే చాలదు. చార్లెస్ లార్డ్, మార్క్ లెపర్, ఎలిజబెత్ ప్రెస్టన్ 1984లో ప్రచురించిన ప్రయోగాల్లో ఆ సూచన పెద్దగా పనిచేయలేదు. ఇవే ఆధారాలు ఎదుటి పక్షానికి అనుకూలంగా వచ్చి ఉంటే ఎలా తూచేవారో ఊహించమంటే పనిచేసింది. మీరూ అదే చేయండి. గణితంలో 80 మార్కులు వచ్చాయనుకుని, అప్పుడు కూడా మానేస్తారా అన్నది కాగితం మీద రాయండి. నాన్నగారితో మాట్లాడకముందే రాయండి. వాదన మొదలైతే ఉన్న కారణాలకి ఇంకో నాలుగు తోడవుతాయి.

‘అప్పుడూ మానేస్తాను’ అని రాస్తే, చదువుతూనే నెల రోజులు డిజైన్ పని చేసి చూడండి. రోజూ కూర్చోబుద్ధవుతోందో లేదో తెలుస్తుంది. ‘మానేయను’ అని రాస్తే అసలు సమస్య గణితం. దానికి మంచి ట్యూటర్ దొరికితే చాలు, బ్రాంచి మారక్కర్లేదు. ఏది రాసినా ఆ కాగితాన్ని నాన్నగారికి చూపించండి. మళ్లీ ఫెయిలవుతానేమోనని టెన్షన్‌గా ఉంటే అదీ అందులోనే రాయండి.