ఫార్మాట్ కొట్టే ముందు స్క్రీన్ మీద ఏముందో చదవండి

ప్రశ్న: మాది పరకాలలో చిన్న జిరాక్స్ సెంటర్. విండోస్ బదులు లినక్స్ మింట్ వాడుతున్నాం. మొన్న గాలిదుమారానికి కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద బ్రాకెట్లలో ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అని వచ్చి ఆగిపోతోంది. రిపేరు షాపులో చూపిస్తే హార్డ్ డిస్క్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి అన్నారు. ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి సార్, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఫార్మాట్ వద్దు, ఆగండి. డిస్క్ నిజంగానే పోతే ఫార్మాట్ కొట్టినా లాభం లేదు. ఫార్మాట్‌తో బాగవుతుందంటే డిస్క్ పోలేదన్నమాట. మీరు చెప్పినదాన్ని బట్టి రెండోదే అయ్యుంటుంది.

ఏదో ఒక ఫైలు సేవ్ అవుతుండగా కరెంటు పోతే డిస్క్ లెక్కలు సగంలో ఆగిపోతాయి. డిస్క్‌లో ఫైళ్లను అమర్చడానికి మింట్ మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ తాను చేయబోయే మార్పును ముందే జర్నల్ అనే చిట్టాలో రాసుకుంటుంది. అందుకే చాలాసార్లు తిరిగి ఆన్ చేయగానే దానంతట అదే సర్దుకుంటుంది, మనకు తెలియను కూడా తెలియదు. తన వల్ల కానప్పుడు మాత్రం, తప్పుడు లెక్క మీద ఇంకా రాస్తే నష్టం పెరుగుతుంది కాబట్టి డిస్క్‌ను తెరవకుండా ఆగిపోతుంది. మీకు కనిపిస్తున్న నల్ల స్క్రీన్ అదే.

అక్కడ ‘ఎగ్జిట్’ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేసి ఎంటర్ నొక్కండి. మళ్లీ అక్కడికే వస్తుంది కానీ పైన కొన్ని లైన్లు కొత్తగా కనిపిస్తాయి. వాటిలో స్లాష్, డీఈవీ, స్లాష్, ఆ వెంటనే ఎస్‌డీఏ1 అనో ఎస్‌డీఏ2 అనో ఉంటుంది. కొత్తరకం ఎస్‌ఎస్‌డీ అయితే ఎన్‌వీఎంఈతో మొదలయ్యే పేరు ఉంటుంది. గడబిడ ఉన్న పార్టిషన్, అంటే డిస్క్‌లోని భాగం, అదే. ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఇప్పుడు ఎఫ్, ఎస్, సీ, కే అక్షరాలు కలిపి కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్ వై, మళ్లీ స్పేస్ ఇచ్చి, ఆ పార్టిషన్ పేరును స్లాష్‌లతో సహా ఉన్నదున్నట్టు టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ‘వై’ అంటే అది అడిగే ప్రతి మరమ్మతుకూ మీరు సరేనన్నట్టు. లైన్లు గబగబా పోతాయి, కంగారు పడకండి. ఆగాక ఇంకోసారి ‘ఎగ్జిట్’ కొడితే మామూలుగా డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. ఏ ఫైలువో తేలని ముక్కలను ‘లాస్ట్ ప్లస్ ఫౌండ్’ అనే ఫోల్డర్‌లో వేస్తుంది. ఏదైనా కనిపించకపోతే అక్కడ వెతకండి.

అయితే ఆ లైన్లలో ‘ఐ/ఓ ఎర్రర్’ అని పదేపదే వస్తుంటే ఈ పని చేయకండి. కంప్యూటర్ ఆపేసి డిస్క్ కేబుల్‌ను ఒకసారి తీసి గట్టిగా పెట్టి చూడండి. అయినా వస్తుంటే డిస్క్ నిజంగానే దెబ్బతింటోంది. మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, వచ్చినన్ని ఫైళ్లను ముందు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. మరమ్మతు సంగతి ఆ తర్వాత.

ఏప్రిల్, మే గాలివానలకు మన దగ్గర కరెంటు పోతూనే ఉంటుంది. చిన్నదైనా సరే ఒక యూపీఎస్ పెట్టండి. ఇంకొక మాట, మీరు అడగకపోయినా చెప్తున్నా. కస్టమర్ల ఆధార్ కార్డులు, మెమోల స్కాన్లు ఏ రోజువి ఆ రోజే డిలీట్ చేయండి. అవి వాళ్ల సొత్తు, మన దగ్గర ఉండకూడదు.

ప్రశ్న: కాజీపేటలో ఉంటాను, ఇంజినీరింగ్ విద్యార్థిని. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు (ఇదీ ఒక లినక్సే) రెండూ ఉన్నాయి. ఉబుంటు వాడి విండోస్‌కు వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. బ్యాటరీ మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఎప్పటిదో పాతది వస్తుంది, కచ్చితంగా ఐదున్నర గంటలే తేడా రాదు. మదర్‌బోర్డులోని గడియారంలో ఉబుంటు యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం పెడుతుంది. కాజీపేటలో సాయంత్రం 4 అయితే అందులో ఉదయం 10:30 ఉంటుంది. విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. ఉబుంటు టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి, చాలు. ఇలా చేయొద్దని ఒక హెచ్చరిక కనిపిస్తుంది. అది ఎక్కువగా ఎండాకాలం, చలికాలం గడియారం మార్చుకునే దేశాల ఇబ్బంది. మనకు ఆ గొడవ లేదు.

ప్రశ్న: జగిత్యాల నుంచి రాస్తున్నా. విండోస్ 10కు 2025 అక్టోబర్‌లో సపోర్ట్ ఆగిపోయాక మింట్‌కు మారాను. పెద్ద ఫైళ్లేమీ లేవు, అయినా డిస్క్ నిండిపోయింది.

జవాబు: ముందు మింట్‌లోని టైమ్‌షిఫ్ట్ ప్రోగ్రామ్ తెరవండి. సిస్టమ్‌కు అది తీసే స్నాప్‌షాట్లు, అంటే వెనక్కి వెళ్లడానికి దాచే కాపీలు, అదే డిస్క్‌లో పేరుకుపోయి ఉంటాయి. రెండు ఉంచుకుని మిగతావి ఆ విండోలోనే డిలీట్ చేయండి. ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో మాత్రం తీయకండి.

ప్రశ్న: హన్మకొండలో డీటీపీ చేస్తాను. లినక్స్‌కు మారితే అను తెలుగు ఫాంట్లతో చేసిన నా పాత ఫైళ్లు లిబ్రాఫీస్‌లో పిచ్చి గీతల్లా, ఇంగ్లిష్ అక్షరాల్లా కనిపిస్తున్నాయి. పోయినట్టేనా?

జవాబు: పోలేదు. అనులో మనకు కనిపించేది తెలుగే అయినా లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాల కోడ్. ఆ ఫాంట్ తొడిగితేనే తెలుగవుతుంది. మీరు కొన్న ఫాంట్లను లినక్స్‌లో ఇన్‌స్టాల్ చేస్తే చాలావరకు చదవొచ్చు. కానీ ఆ మ్యాటర్ వాట్సాప్‌లో పంపితే మళ్లీ గీతలే. మళ్లీ మళ్లీ పనికొచ్చే వాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఎక్కడైనా తెలుగుగానే కనిపించే కోడ్‌లోకి, మార్చి దాచుకోండి. మార్చాక వత్తులు, సంయుక్తాక్షరాలు కళ్లతో చూసుకోవాల్సిందే, ముఖ్యంగా శుభలేఖల్లో పేర్లు.

కొత్త పనికి లినక్స్‌లో భాషలు టైప్ చేయించే ఐబస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకోండి. ‘ఫాంట్స్-తెలు’ ప్యాకేజీ వేసుకుంటే పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. పోతన పేరు మన బమ్మెర పోతనదే. పాత పేజీమేకర్ డిజైన్లు మాత్రం అలాగే కావాలంటే ఒక పాత విండోస్ సిస్టమ్‌ను నెట్ కనెక్షన్ తీసేసి పక్కన ఉంచుకోండి.