సంగీతం సబ్జెక్టుగా తీసుకున్నవారి సందేహాలు

ప్రశ్న: మా అబ్బాయి సీబీఎస్ఈలో తొమ్మిదో తరగతి. కర్ణాటక సంగీతం, గాత్రం తీసుకున్నాడు. నిరుడు అయిదు శ్రుతిలో హాయిగా పాడేవాడు. ఇప్పుడు తారషడ్జమం (పై ‘స’) దగ్గర గొంతు చీలిపోతోంది. సబ్జెక్టు మాన్పించమంటారా?
– ఓ తల్లి, విజయవాడ

జవాబు: మాన్పించకండి, శ్రుతి మార్చండి. శ్రుతి అంటే పాటకు ఆధారమైన ‘స’ ఎత్తు; అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. ఈ వయసులో మగపిల్లల స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై మందమవుతాయి. గొంతు దాదాపు ఒక స్థాయి (ఒక ‘స’ నుంచి తర్వాతి ‘స’ దాకా ఉన్నంత) కిందికి దిగుతుంది. పాత శ్రుతినే పట్టుకుంటే మెడ బిగించి పాడే అలవాటు పడుతుంది. అది తర్వాత వదలడం చాలా కష్టం.

శ్రుతిపెట్టె రెండు శ్రుతిలో పెట్టి, షడ్జమం (స) నుంచి మంద్రపంచమం (కింది ‘ప’) దాకా ‘ఆ’ అంటూ నెమ్మదిగా దిగమనండి. పంచమం వట్టి గాలిగా వినిపిస్తే అర శ్రుతి పెంచండి. తర్వాత తారషడ్జమం దాకా పాడించండి. గడ్డం పైకి లేస్తే, మెడ నరాలు ఉబ్బితే అర శ్రుతి తగ్గించండి. గొంతు ఇంకా మారుతూనే ఉంటుంది కాబట్టి వారానికోసారి ఇలాగే చూసుకోవాలి. మగవారి గొంతు చివరకు ఎక్కువగా ఒకటి, రెండు శ్రుతుల మధ్య నిలుస్తుంది.

సాధన పూటకు పావుగంట చాలు. తొలి పాఠాలైన సరళీ స్వరాలు, జంట స్వరాలు మొదటి రెండు కాలాల్లోనే (వేగాల్లోనే) పాడాలి. నొప్పి పుడితే ఆపేయాలి. బొంగురు మూడు వారాలకు మించి తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి.

అసలు చిక్కు తరగతి గదిలో వస్తుంది. ఆడపిల్లలతో కలిసి అందరినీ అయిదు శ్రుతిలో పాడిస్తారు. అక్కడ ఇతను పైస్థాయిలో అరవాలి, లేదా కింది స్థాయిలో స్వరం మింగాలి. రెండూ చేటే. బృందం పాడేటప్పుడు తాళం వేసి, తన వంతు తన శ్రుతిలో విడిగా పాడేలా టీచరుగారిని అడగండి, మొహమాటపడకండి. మార్కుల్లో ఎక్కువ భాగం ప్రాక్టికల్‌దే. పాడేముందే పరీక్షకులకు తన శ్రుతి చెప్పాలి.

ప్రశ్న: మేళకర్త (జనక రాగం) సంఖ్య పేరునుబట్టి ఎలా కట్టాలి? నాకు తరచూ తప్పుతోంది.
– పదో తరగతి విద్యార్థిని, వరంగల్లు

జవాబు: అక్షరాలకు అంకెలిచ్చే పద్ధతి కటపయాది. అందులో క, ట, ప, యలతో మొదలయ్యే వరుసలన్నీ 1 నుంచి లెక్కకు వస్తాయి. ఞ, న సున్నాలు. పేరులో మొదటి రెండక్షరాల అంకెలు రాసి తిప్పాలి. మాయామాళవగౌళలో మా 5, యా 1. 51ని తిప్పితే 15. ధీరశంకరాభరణంలో ధీ 9, ర 2, తిప్పితే 29.

ఎక్కువమంది తిప్పడం మరిచిపోతారు. మేళకర్తలు 72 మాత్రమే కాబట్టి, 72 దాటిన సంఖ్య వచ్చిందంటే తప్పు అక్కడే ఉంది. సంయుక్తాక్షరాలకు మాత్రం ఒకే పద్ధతి లేదు: చక్రవాకంలో ‘క్ర’కు క తీసుకుంటే 16, ధర్మవతిలో ‘ర్మ’కు మ తీసుకుంటే 59. అలాంటి పేర్లను విడిగా రాసుకుని కంఠస్థం చెయ్యమ్మా.