జైలు గేటు దాటే ముందు

చి. అల్లుడికి, ఆశీస్సులు.

రువాండా ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసింది. జైళ్ళలో గోబర్ గ్యాస్ ప్లాంట్ల మరమ్మతు అనేసరికి ఆవిడకి ఒకటే టెన్షన్. ఆవిడకి నేను సర్దిచెప్పుకుంటాలే. నేనూ అక్కడ ఇదే పని చేసొచ్చినవాణ్ణే కదా, నువ్వు ఇది చదువు.

1994లో వంద రోజుల్లో హుటూ తీవ్రవాదులు సుమారు 8 లక్షల మందిని, ఎక్కువగా టుట్సీ తెగవాళ్ళను, నరికేసిన దేశం అది. ఆ కేసుల్లో లోపలేసినవాళ్ళు తొంభైల చివరికి లక్షా 20 వేలు దాటారు. ఏ 400 మందికో కట్టిన గితరామా జైల్లో 1995లో 7 వేల దాకా ఉండేవారట. కూర్చునే చోటు కూడా లేక, నిలబడి నిలబడి కాళ్ళు కుళ్ళినవాళ్ళున్నారు. అంతమందికి మొక్కజొన్న, చిక్కుడు గింజలు ఉడకాలంటే కొండలకు కొండలే బోడి అయిపోతాయి. అందుకే 2001లో చాంగుగు జైల్లో మరుగుదొడ్ల గ్యాస్‌తో వంట మొదలుపెట్టారు. కట్టెల ఖర్చు సగం దాకా తగ్గింది. గ్యాస్ తయారయ్యే డోములు కట్టిందీ ఖైదీలే. మన ఊళ్ళల్లో ఇళ్ళకి కట్టే చిన్న దీనబంధు గోబర్ గ్యాస్ ప్లాంటు చూసిన కళ్ళకి అవి చెరువుల్లా కనిపిస్తాయి. ఒక్కోటి 100 ఘనమీటర్లు.

లోపల గులాబీ బట్టలుంటే విచారణ తేలనివాడు, నారింజ రంగైతే శిక్ష పడ్డవాడు. గార్డులు ఎక్కువగా గోడ బయటే ఉంటారు. లోపలి పెత్తనమంతా ఖైదీల నాయకుడిదే, అతన్ని కపితా అంటారు. మనిషి కావాలన్నా బకెట్ కావాలన్నా ముందు అతన్నే అడుగు.

ఇక నేను చేసిన తప్పు. నా దగ్గర ఒక మేస్త్రీ ఉండేవాడు. ప్లాస్టరింగ్‌లో అతని చెయ్యి చూస్తే ముచ్చటేసేది. చనువు కొద్దీ, నాకొచ్చిన అరకొర ఫ్రెంచిలో "నీదేం కేసు?" అని అడిగేశాను. తాపీ కింద పెట్టేశాడు. చుట్టూ సిమెంటు కలిపేవాళ్ళంతా ఆగిపోయారు. రెండు రోజులు పనికి రాలేదు. చెప్పాల్సింది గచాచాలో (ఈ కేసుల కోసం అప్పట్లో నడిచిన ఊరి కోర్టు), తన ఊరివాళ్ళ ముందు చెప్పుకుంటాడు, నీకెందుకని కపితా మెత్తగానే అన్నాడు. సిగ్గేసింది.

దానికంటే పెద్ద తప్పు గోడ బయట చేశాను. భోజనం దగ్గర ఆ మేస్త్రీని తెగ మెచ్చుకుంటున్నాను, పాపం ఎంత మంచివాడో అని. వడ్డిస్తున్నావిడ ఏమీ అనలేదు. గిన్నె అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తొంభై నాలుగులో ఆవిడ వాళ్ళింట్లో మిగిలింది ఆవిడొక్కతే అని తర్వాత తెలిసింది. ఆ మేస్త్రీ ఏం చేశాడో, అసలేమైనా చేశాడో లేదో నాకిప్పటికీ తెలియదు. లోపల కేసు అడగకు, బయట ఖైదీల కబుర్లు చెప్పకు. ఎవరినీ హుటూవా, టుట్సీవా అని అస్సలు అడగకు. గుర్తింపు కార్డుల్లోంచే ఆ మాట తీసేశారు. ఏప్రిల్ 7 నుంచి వారం సంతాప దినాలు. గదిలో పాటలు పెట్టకు.

పని సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది? లీకు చూడ్డానికి సబ్బు నురగ వాడు, అగ్గిపుల్ల గీసే హీరోలుంటే దూరంగా పంపెయ్. ఖాళీ చేసిన డోములోకి గాలి ఆడనిదే ఎవరినీ దించకు. ఖైదీయే కదా అని తొందరపెట్టేవాళ్ళుంటారు, వాళ్ళ మాట వినకు.

ఆవకాయ రెండు కవర్లలో ప్యాక్ చేయించుకో. నాది సూట్‌కేసులోనే కారిపోయింది.

మీ మామయ్య