వెన్నులో మత్తు ఇస్తే మధ్యలో నొప్పి తెలుస్తుందా?

ప్రశ్న: అమ్మకు మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్. వెన్నులో మత్తు ఇస్తామంటున్నారు. మధ్యలో నొప్పి తెలిస్తే ఎలా? పూర్తిగా నిద్రపుచ్చితే మేలు కదా?

జవాబు: మత్తు డాక్టరుగా ఈ భయం నేను తరచూ వింటాను. వెన్నులో ఇచ్చే మందు నొప్పి సంకేతాలు మెదడుకు చేరకుండా నరాల దగ్గరే ఆపుతుంది. ఊపిరి అమ్మ తనే తీసుకుంటారు. స్పిరిట్ దూది తాకించి, చల్లదనం తెలియట్లేదని పేషెంటు చెప్పాకే నేను సర్జన్‌కి సరేనంటాను. కదిపినట్టు, లాగినట్టు అనిపించవచ్చు, నొప్పి ఉండకూడదు. ఉంటే వెంటనే చెప్పమనండి. అప్పుడు పూర్తి మత్తు ఇవ్వగలం. అందులో శ్వాసకు గొట్టం వేయాల్సి రావచ్చు. కీలు అమర్చేటప్పుడు వినిపించే సుత్తి చప్పుళ్లకు కంగారుపడతారనుకుంటే కొద్దిగా నిద్రమందు అడగండి.

రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే తప్పకుండా ముందే చెప్పండి, సూది వేసిన చోట వెన్ను దగ్గర రక్తస్రావమై, ఆ రక్తం గడ్డగా పేరుకునే ప్రమాదం ఉంది. వాటిని సొంతంగా మానకండి.