ఫార్మాట్ చెయ్యమంటే నో కొట్టండి

ప్రశ్న: మా నాన్నగారు తెలుగు మాస్టారు. రిటైరయ్యాక ఊళ్లట్టుకు తిరిగి జముకుల పాటలు, ఊడుపు పాటలు రాసుకొచ్చి శ్రీకాకుళంలో ఒక డీటీపీ సెంటర్లో టైపు చేయించేవారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. నోటు పుస్తకాలు చెదలు తినేసింది. మొన్న రేకుపెట్టెలో 23 కంప్యూటర్ ఫ్లాపీ డిస్కులు దొరికాయి, అన్నిటి మీదా ఆయన దస్తూరీయే. మా మేనల్లుడు ఆన్‌లైన్లో యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు తెప్పించాడు. మొదటిది తెరుచుకుంది గానీ ఫైల్లో అంతా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు. రెండోది పెడితే ఈ డిస్కు ఫార్మాట్ చేసి లేదు, చెయ్యమంటారా అని అడుగుతోంది. ఎస్ కొట్టమంటారా? (ఒక పాఠకురాలు, నరసన్నపేట)

జవాబు: కొట్టకండమ్మా, ఎట్టి పరిస్థితుల్లోనూ కొట్టకండి! మీ ఉత్తరం చదువుతుంటే ఈపాటికే ఆ కుర్రాడు కొట్టేశాడేమో అని నాకు గుండెల్లో రాయి పడింది. ఆ మాటకి అర్థం డిస్కు ఖాళీ అని కాదు, మొదటి ట్రాకు చదవలేకపోతున్నాను అని. డిస్కు మీద రాసింది గుండ్రటి వరసల్లో ఉంటుంది, ఒక్కో వరస ఒక ట్రాకు. ఫ్లాపీ బయటి అంచున, అంటే మొట్టమొదటి ట్రాకులో, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టీ ఉంటుంది, పుస్తకానికి విషయసూచికలాగ. అదొక్కటీ పాడైతే విండోస్ పుస్తకమే లేదంటుంది, లోపల పేజీలన్నీ నిక్షేపంగా ఉన్నా సరే. ఎస్ కొడితే ఆ పేజీల మీద కూడా కొత్తగా గీసేస్తుంది, అక్కడితో సరి.

ముందు ఫ్లాపీ వెనక్కి తిప్పి చూడండి, ఒక మూల చిన్న ప్లాస్టిక్ నొక్కు ఉంటుంది. దాన్ని గోరుతో జరిపితే కన్నంలోంచి వెలుతురు కనబడాలి. కన్నం తెరుచుకుని ఉంటే ఇంక దాని మీద ఎవరూ రాయలేరు, చదవడమే. 23 ఫ్లాపీలకీ ఈ పని ఇవాళే చెయ్యండి, మిగతాది తరవాత చూసుకుందాం.

ఇప్పుడు అసలు సంగతి. ఫ్లాపీ లోపల ఉండేది పల్చటి ప్లాస్టిక్ రేకు, దానికి రెండు వైపులా ఐరన్ ఆక్సైడ్ పూత, అంటే మన భాషలో తుప్పు లాంటిదే అనుకోండి. నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది. హార్డ్ డిస్కులో చదివే హెడ్డు పళ్లేనికి తగలకుండా గాల్లో ఉంటుంది గానీ ఫ్లాపీలో హెడ్డు రేకుని రాసుకుంటూనే పోతుంది. అందుకే ఫ్లాపీ మీద బూజు ఉంటే ఆ హెడ్డు బూజుతో పాటు పూతని కూడా గీకేస్తుంది, పైగా ఆ మురికి హెడ్డుకి అంటుకుని, మీరు తరవాత పెట్టే మంచి ఫ్లాపీని కూడా పాడుచేస్తుంది. మన ప్రాంతంలో చెమ్మ గురించి నేను మీకు చెప్పాలా, 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇళ్లల్లో నీళ్లు చేరి ఎన్ని పెట్టెలు నానిపోయాయో. మీ రేకుపెట్టె కూడా నానిందేమో గుర్తు తెచ్చుకోండి.

కాబట్టి డ్రైవులో పెట్టే ముందు ఒక్కోటీ కళ్లతో చూడాలి. పైన పక్కకి జరిగే మూత ఉంటుంది కదా, వేలితో పక్కకి లాగి పట్టుకుని, వెనకాల మధ్యలో ఉన్న ఇనప బిళ్లని నెమ్మదిగా తిప్పుతూ రేకుని లైటుకి వారగా పట్టుకుని చూడండి. నల్లగా లేదా ముదురు గోధుమ రంగులో నున్నగా మెరిస్తే మంచిది. తెల్లటి మచ్చలు, అప్పడం మీద బూజులాగ, కనిపిస్తే దాన్ని పక్కన పెట్టండి. గుండ్రంగా గీత పడి ఆ గీతలోంచి వెలుతురు అవతలికి కనిపిస్తోందంటే అక్కడ పూత పోయినట్టే, ఆ ట్రాకు మీద ఆశ వదులుకోవాలి, మిగతా వాటి మీద కాదు. బూజు ఉన్నవాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూలుపోగులు రాలని మెత్తటి గుడ్డతో, ఆ మూత జరిపిన సందులోంచే, ఒత్తకుండా తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. మొదట పనికిరాని ఫ్లాపీ మీద చేసి చెయ్యి అలవాటు చేసుకోండి. ఎండలో మాత్రం పెట్టకండి, ఒడియాలు కావు అవి.

తరవాత ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూస్తూ కూర్చోకండి. తెరిచిన ప్రతిసారీ రేకు అరుగుతుంది. మొత్తం ఫ్లాపీని ఒకే ఇమేజ్ ఫైలుగా కాపీ తీసెయ్యాలి, ఒక్కసారి. విండోస్‌లో అయితే విన్‌ఇమేజ్, లినక్స్‌లో అయితే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం. రెండోదే నాకిష్టం, ఎందుకంటే అది సులువుగా వచ్చేదంతా ముందు తీసేసుకుని, మొండికేసిన చోట్లకి తరవాత వెళ్తుంది, ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకుంటుంది కూడా. మామూలు ఫ్లాపీ ఇమేజ్ సరిగ్గా 14,74,560 బైట్లు రావాలి. రెండు వైపులు, వైపుకి 80 ట్రాకులు, ట్రాకుకి 18 సెక్టార్లు అంటే ముక్కలు, సెక్టారుకి 512 బైట్లు, గుణించి చూసుకోండి. ఒక డ్రైవు చదవనిది ఇంకో డ్రైవు చదవొచ్చు, ఎందుకంటే ఆ రోజుల్లో డీటీపీ సెంటర్లో రాసిన డ్రైవు హెడ్డు కాస్త పక్కకి జరిగి ఉంటే అది రాసింది దానికే తెలిసేది. నా సొంత అనుభవం చెప్తాను, 1998లో విజయనగరంలో నేను డీటీపీ పని చేసేటప్పుడు పెళ్లికార్డు ఒకటి ఫ్లాపీలో వేసుకుని ప్యాసింజర్లో వైజాగ్ వెళ్లాను ఫిలిం తీయించడానికి, అక్కడ ప్రెస్సులో తెరుచుకోలేదు, మళ్లీ వెనక్కి వచ్చి వేరే సిస్టంలో కాపీ చేసుకుని సాయంత్రం మళ్లీ వెళ్లాను. పెళ్లికూతురి తండ్రి నన్ను అన్న మాటలు ఇక్కడ అచ్చు వెయ్యరు. అప్పట్నుంచి ప్రతిదీ రెండు ఫ్లాపీల్లో, చెరో జేబులో.

ఇంకోటి. లేబుల్ మీద 1/3, 2/3 అని ఉంటే అవి విడివిడిగా తెరవద్దు. ఒక పెద్ద ఫైలుని జిప్ చేసి మూడు ఫ్లాపీలకి పంచేవాళ్లం. ఆ జిప్ పట్టీ చివరి ఫ్లాపీలో ఉంటుంది, అందుకే జిప్ విప్పే ప్రోగ్రాం ముందు చివరిదే పెట్టమని అడుగుతుంది. అడిగితే కంగారు పడకండి.

ఇక ఆ పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు. నిజానికి మీ కష్టం ఫ్లాపీ కాదమ్మా, ఇదే. అవి పిచ్చివి కావు, మీ నాన్నగారి పాటలే. అప్పట్లో మేం వాడిన అను ఫాంట్లలో తెలుగుకి వేరే సంకేతాలు లేవు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. క అనేది ఒక చోట, తలకట్టు ఒక చోట, వత్తు ఒక చోట. ఫాంటు ఉంటే తెలుగు కనిపిస్తుంది, లేకపోతే అడుగున ఉన్న ఇంగ్లీషు కనిపిస్తుంది, అంతే తేడా. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు, అంటే అక్షరాలకి సొంత సంకేతాలు, ఇచ్చారు గానీ మా డీటీపీ బల్లల దాకా అది రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మీ ఫైలు ఫాంటు పేరు దగ్గర అను అనో శ్రీలిపి అనో ఉంటుంది, చూడండి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, కాకపోతే అను 6, అను 7 ఒకటి కాదు, తప్పుది ఎంచుకుంటే తెలుగే వస్తుంది గానీ ఏ ఊరి తెలుగో తెలీదు. పేజ్‌మేకర్ అని పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఫైలైతే పాత పేజ్‌మేకర్ ఉన్న సిస్టం కావాలి, శ్రీకాకుళం, విజయనగరం ప్రెస్సుల్లో ఇప్పటికీ ఒక మూల అలాంటిది ఒకటి తిరుగుతూనే ఉంటుంది, మర్యాదగా అడిగితే కాదనరు.

మార్చాక కూడా వత్తులు తారుమారవుతాయి. పైగా అది మన యాస. "ఏటి సేస్తన్నావే" అని ఉంటే తెలిసినవాళ్లు కూడా అచ్చుతప్పనుకుని "ఏమి చేస్తున్నావే" అని దిద్దేస్తారు, అప్పుడింక పాట ఎక్కడుంటుంది? నోటు పుస్తకాలు లేవంటున్నారు కాబట్టి ఆ పాటలు నోటికొచ్చిన పెద్దాళ్లు ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి, దిద్దేది వాళ్లయితేనే సరిగ్గా వస్తుంది. 23లో ఎన్ని వచ్చాయో నాకు తప్పకుండా రాయండి.

ప్రశ్న: కంప్యూటర్లో సి డ్రైవు నుంచే ఎందుకు మొదలవుతుంది, ఎ, బి ఏమయ్యాయి? (డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి)

జవాబు: పైన మాట్లాడుకున్న ఫ్లాపీలవే అవి. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు అందులో హార్డ్ డిస్కు లేదు, ఫ్లాపీ డ్రైవులే, ఒకటి ఎ, రెండోది బి. 1983లో పీసీ ఎక్స్‌టీతో హార్డ్ డిస్కు వచ్చి సి అయ్యి కూర్చుంది, అదీ 10 మెగాబైట్లది, ఇప్పుడు నీ ఫోన్లో రెండు మూడు ఫొటోలకి సరిపోతుందేమో. డ్రైవు ఒకటే ఉన్న సిస్టంలో కూడా డాస్ అనే ఆనాటి ఆపరేటింగ్ సిస్టం బి ఉన్నట్టే నటించేది, ఇప్పుడు బి ఫ్లాపీ పెట్టు, ఇప్పుడు ఎ ఫ్లాపీ పెట్టు అని మన చేత మార్పించేది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయినా ఇంటి నంబర్లు మారలేదు.

ప్రశ్న: మా దగ్గర ఇంకా పెద్దవి, మెత్తగా వంగే నల్ల ఫ్లాపీలు ఉన్నాయి, పాత సొసైటీ లెక్కలు. యూఎస్‌బీ డ్రైవు కొంటే చదువుతుందా? (రాజాం)

జవాబు: చదవదండి. బజార్లో దొరికే యూఎస్‌బీ డ్రైవులన్నీ మూడున్నర అంగుళాల గట్టి ఫ్లాపీలకే. మీవి ఐదుంపావు అంగుళాలవి, 360 కేబీవో 1.2 ఎంబీవో అయ్యుంటాయి. వాటికి పాత డ్రైవు ఒకటి సంపాదించి, గ్రీజ్‌వీజిల్ అని చిన్న బోర్డు ఉంటుంది, దాని ద్వారా యూఎస్‌బీకి కలపాలి. అది ఫైళ్లు వెతకదు, రేకు మీద అయస్కాంతం ఎక్కడెక్కడ దిశ మారిందో ఉన్నదున్నట్టు పట్టుకొస్తుంది, అందుకే విండోస్ చేతులెత్తేసినవి కూడా కొన్ని వస్తాయి. ఒక్క జాగ్రత్త: వీటికి పక్కన గాటు ఉంటుంది, ఆ గాటు మీద స్టిక్కర్ అంటిస్తేనే రాయకుండా రక్షణ. చిన్న ఫ్లాపీలకి కన్నం తెరిస్తే రక్షణ, వీటికి మూస్తే రక్షణ. ఎవరు పెట్టారో గానీ ఈ తిరకాసు వల్ల ఎంతమంది లెక్కలు పోగొట్టుకున్నారో.

ప్రశ్న: మా పెళ్లి సీడీ కింద వైపు అద్దంలా ఉంది, ఒక్క గీత లేదు, పైన బొమ్మ ఉన్నవైపే కొంచెం పెచ్చు ఊడింది. అయినా ఆడట్లేదు ఎందుకని? (పలాస)

జవాబు: ఆ పెచ్చే మీ పెళ్లి తల్లీ. అందరం సీడీని కింద గీతలు పడకుండా చూసుకుని పైన బొమ్మవైపు బల్ల మీద ఈడ్చేవాళ్లం. కానీ డేటా ఉండే పొర బొమ్మకి సరిగ్గా కిందే ఉంటుంది, పైన పల్చటి వార్నిష్ తప్ప అడ్డం లేదు. కింద వైపు ఒక మిల్లీమీటరు పైచిలుకు మందాన ప్లాస్టిక్ ఉంటుంది, అక్కడ గీత పడినా పాలిష్ పెట్టొచ్చు. పైన వెండిరంగు పొర లేచిపోతే లేజరు తిరిగి రావడానికి అద్దమే లేదు. సముద్రగాలి ఒక్క పెచ్చుతో ఊరుకోదు, రోజురోజుకీ పాకుతుంది, కాబట్టి ఆగకుండా మిగతా భాగం ఇప్పుడే కాపీ తీయించండి. సీడీ లోపలి అంచు నుంచి బయటికి రాస్తారు, అంచు పక్కన ఊడిందైతే అప్పగింతలు పోయుంటాయి, ముహూర్తం ఉండొచ్చు.

ప్రశ్న: చిన్నప్పుడు మా అన్నయ్య ఫ్లాపీ విప్పి ఆ రేకులోంచి గ్రహణం చూపించాడు. మళ్లీ గ్రహణం వస్తే పిల్లలకి చూపించొచ్చా? (కొత్తవలస)

జవాబు: వద్దు. 1999 ఆగస్టు 11న మేమూ అదే పని చేశాం, ఎక్స్‌రే ఫిల్ములు, ఫ్లాపీ రేకులు అన్నీ వీధిలో చేతులు మారాయి, బుద్ధి లేక. రేకులోంచి చూస్తే సూర్యుడు మసగ్గా ఉంటాడు కాబట్టి కళ్లకి ఏం కాదనిపిస్తుంది. కంటికి కనపడని పరారుణ కిరణాలు మాత్రం లోపలికి వస్తూనే ఉంటాయి, రెటీనాకి నొప్పి తెలీదు. గ్రహణం కళ్లద్దాలు కొనండి.

ప్రశ్న: మా ఎంబ్రాయిడరీ మెషిన్ డిజైన్లు ఫ్లాపీలోంచే తీసుకుంటుంది. మెషిన్ బంగారంలా ఉంది, ఫ్లాపీలే దొరకట్లేదు. మెషిన్ మార్చెయ్యాలా? (టైలరింగ్ షాపు, విజయనగరం)

జవాబు: మార్చకండి. మీరు ఒంటరి వారూ కాదు, బోయింగ్ 747-400 విమానాలకి నావిగేషన్ డేటా ఫ్లాపీల్లోనే ఎక్కించేవారు, జపాన్ ప్రభుత్వం దరఖాస్తులు ఫ్లాపీలో ఇవ్వాలన్న నిబంధనలు తీసేసింది 2024లో. కాకపోతే సోనీ 2011లోనే అమ్మకం ఆపేసింది, ఇప్పుడు దొరికేదంతా పాత స్టాకే, డబ్బులు పెట్టి బూజు కొనుక్కోవడం. గోటెక్ అని ఫ్లాపీ ఎమ్యులేటర్ వస్తుంది, సరిగ్గా ఫ్లాపీ డ్రైవు సైజే, పాతది విప్పి దాని స్థానంలో బిగిస్తే ముందువైపు పెన్‌డ్రైవు పెట్టుకోవచ్చు. మెషిన్‌కి తేడా తెలీదు, అది ఇంకా ఫ్లాపీయే అనుకుంటుంది. ఒక పెన్‌డ్రైవులో బోలెడు ఫ్లాపీలు నంబర్ల వారీగా పెట్టుకుని మీట నొక్కి మార్చుకోవడమే. ఆర్డర్ పెట్టే ముందు మాత్రం మీ మెషిన్ 720 కేబీ ఫ్లాపీ అడుగుతుందా 1.44 ఎంబీ అడుగుతుందా చూసుకోండి, రెండిటికీ మోడళ్లు వేరు. ఇప్పుడు వాడుతున్న ఫ్లాపీ చేతిలోకి తీసుకోండి, రెండు మూలలా కన్నాలుంటే 1.44, ఒక మూలే ఉంటే 720.