గ్యాస్ట్రిక్ బైపాస్ తరువాత నా గుండెలో వచ్చిన మార్పులు

మీ అన్నయ్యగారికి నలభై నాలుగేళ్ళని, బరువు 126 కిలోలని, బీపీకి రెండు మాత్రలూ షుగర్‌కు మరో రెండూ వాడుతున్నారని రాశారు. సర్జన్ గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకోమన్నారనీ, దానిని ఆయన గుండె తట్టుకుంటుందా, గుండెకు దానివల్ల మేలు జరుగుతుందా అనీ అడిగారు. నేను తెనాలిలో ఉపాధ్యాయురాలిని. 2019లో, నా నలభై ఏడో ఏట, హైదరాబాదులో ఇదే ఆపరేషన్ చేయించుకున్నాను. నేను వైద్యురాలిని కాను. నా ఒంట్లో జరిగినదీ, ఆ తరువాత ప్రతి చెకప్‌లో డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ మాత్రమే రాస్తున్నాను.

మన ఇళ్ళల్లో బైపాస్ అంటే గుండె ఆపరేషన్ అనే అర్థం స్థిరపడిపోయింది. నా విషయం విని మా అత్తగారు నాకు గుండెపోటు వచ్చిందనుకుని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఈ ఆపరేషన్‌లో గుండెను తాకరు. పొట్ట పైభాగాన్ని చిన్న సంచిలా విడదీసి, దానిని చిన్నపేగులో కాస్త దిగువ భాగానికి కలుపుతారు. అయినా ఎప్పుడైనా అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తే "బైపాస్ అయింది" అని ఊరుకోకుండా, పొట్టకు చేసిన బైపాస్ అని స్పష్టంగా చెప్పేలా ఇంట్లో అందరికీ నేర్పండి.

ఆపరేషన్‌కు ముందు నా బరువు 121 కిలోలు, ఎత్తు 165 సెంటీమీటర్లు. బీపీకి మూడు మాత్రలు వేసుకుంటూ కూడా రెండో అంతస్తులోని తరగతి గదికి చేరేసరికి ఆయాసంతో రెండు నిమిషాలు మాట రాక, పిల్లలకు వీపు తిప్పి బోర్డు తుడుస్తూ నిలబడేదాన్ని. టూడీ ఎకో అనే గుండె స్కానింగ్‌లో గుండె ఎడమ గది గోడ 13 మిల్లీమీటర్ల మందం ఉందని వచ్చింది. ఒంట్లో కొవ్వు పెరిగినకొద్దీ దానికి అందించవలసిన రక్తమూ పెరుగుతుందనీ, ఆ అదనపు చాకిరీకి బీపీ కూడా తోడైతే గోడ మందమెక్కి బిగుసుకుపోతుందనీ కార్డియాలజిస్టు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఏడాదిన్నర తరువాత బరువు 83 కిలోలకు వచ్చింది, గోడ మందం 11కు దిగింది, కూర్చుని ఉన్నప్పటి నాడి నిమిషానికి 88 నుంచి 64కు తగ్గింది. తరువాతి కాలంలో నాలుగు కిలోలు మళ్ళీ పెరిగాను గాని, బీపీకి ఈనాటికీ ఒక్క మాత్రతోనే సరిపోతోంది.

అయితే బరువు కంటే ముందే బీపీ తగ్గుతుందన్న సంగతి నాకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. మీకు ఇంత వివరంగా రాయడానికి ముఖ్య కారణం అదే. మూడో వారంలో ఒక తెల్లవారుజామున తులసికోట దగ్గర దీపం వెలిగించడానికి వంగి, లేవబోతూ, కళ్ళు చీకట్లు కమ్మి పడిపోయాను. నుదురు కోట అంచుకు తగిలి చీరుకుపోయింది. మా అబ్బాయి పరుగున వచ్చి మిషన్‌తో చూస్తే బీపీ 86/54 ఉంది. అప్పటికి నేను రోజంతా పెసరకట్టు, మజ్జిగతేట, కొబ్బరినీళ్ళు గుటక గుటకగా తాగుతున్నాను, అన్నీ కలిపి లీటరుకు మించడం లేదు. ఆ పరిస్థితిలో కూడా పాత మూడు మాత్రలూ వేసుకుంటూనే ఉన్నాను, వాటిలో ఒకటి ఒంట్లోని నీటిని మూత్రంగా బయటకు పంపేది. డిశ్చార్జి కాగితం మీద "పాత మందులు కొనసాగించండి" అని ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆపరేషన్ ఎంతో చక్కగా చేసిన ఆ ఆసుపత్రి ఈ ఒక్క విషయంలో చూపిన అజాగ్రత్త నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మీరు మాత్రం ఏ రీడింగు వస్తే ఏ మాత్ర ఆపాలో, ఎవరికి ఫోన్ చేయాలో ముందుగానే రాయించుకోండి. షుగర్ మందులకూ ఇది వర్తిస్తుంది. మందులు సొంతంగా మానేయడం కూడా ప్రమాదమే.

మాత్రలు తగ్గడం నా ఒక్కదాని అదృష్టం కాదు. బ్రెజిల్‌లో బీపీ ఉన్న వంద మందిని తీసుకుని, సగం మందికి ఈ బైపాస్‌తో పాటు మందులు, మిగిలిన సగానికి మందులు మాత్రమే ఇచ్చి చూసిన పరిశోధన 2018లో వెలువడింది. ఏడాది తరువాత, బీపీ అదుపు తప్పకుండానే మాత్రలను కనీసం 30 శాతం తగ్గించుకోగలిగినవారు మొదటి గుంపులో 83.7 శాతం, రెండో గుంపులో 12.8 శాతం. ఇంకా ఎక్కువ కాలం సాగినది స్వీడన్ అధ్యయనం. అందులో ఆపరేషన్ చేయించుకున్న 2010 మందినీ, చేయించుకోని 2037 మందినీ ఏళ్ళ తరబడి గమనించారు. 2012లో ప్రచురించిన లెక్క ప్రకారం గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవారు మొదటి వర్గంలో 28 మంది, రెండో వర్గంలో 49 మంది. అది చీటీ తీసి విభజించిన పరీక్ష కాదు, అప్పటి ఆపరేషన్లలో ఎక్కువ భాగం నేటి పద్ధతులూ కావు. అయినా నాకు ముఖ్యమనిపించిన విషయం ఒకటి అందులో ఉంది. గుండెకు కలిగిన మేలు మొదట ఎంత లావుగా ఉన్నారన్న దానిని బట్టి కాక, రక్తంలో ఇన్సులిన్ ఎంత ఎక్కువగా ఉందన్న దానిని బట్టి మారింది. షుగర్ ఉన్న మీ అన్నయ్యగారి విషయంలో ఇది ఆలోచించదగినది.

ఇక భయపెట్టే లక్షణాల సంగతి. ఆపరేషన్ అయిన తొలి సంక్రాంతికి సగం అరిసె తిన్నాను. పావుగంట గడిచేలోపు గుండె దడదడలాడి, ఒళ్ళంతా చెమటలు పట్టి, ఇక బతకననిపించింది. ఈసీజీ మామూలుగానే వచ్చింది. తీపి నేరుగా పేగులోకి జారడం వల్ల వచ్చే ఈ స్థితిని డంపింగ్ అంటారు. రక్తం తగ్గినా దడ, ఆయాసం వస్తాయి కనుక ఐరన్, బి12 మాత్రలు జీవితాంతం మానకూడదు. ఇందుకు విరుద్ధమైన ప్రమాదం కూడా ఉంది, అది మరింత పెద్దది. పొట్ట ఆపరేషన్ అయిందన్న ధీమాతో ఛాతీలో వచ్చే ప్రతి నొప్పినీ గ్యాస్ అని తీసిపారేయడం మన వాళ్ళకు సులువు. నొప్పి చేతికో దవడకో పాకినా, నడిస్తే పెరిగి కూర్చుంటే తగ్గినా, క్షణం ఆలస్యం చేయకుండా ఈసీజీ తీయించండి.

ఆగని వాంతులను కూడా చిన్నగా చూడవద్దు. వాటివల్ల పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది, బి1 విటమిన్ పడిపోతే గుండె, మెదడు రెండూ దెబ్బతింటాయి. తెల్లబియ్యమే ఆధారంగా బతికిన ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు ప్రబలిన బెరిబెరి ఈ బి1 లోపమే. నీరసంగా ఉందని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సెలైన్ ఎక్కించుకుంటే, ముందుగా బి1 ఇంజక్షన్ ఇవ్వని పక్షంలో పరిస్థితి ఇంకా విషమించవచ్చు. మొదటి నెలలో కాలిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తికి చేరే అవకాశం కూడా ఉంటుంది కనుక, పిక్క వాచినా, అకస్మాత్తుగా ఆయాసం వచ్చినా వెంటనే వెళ్ళాలి.

ఆయనకు ఇదివరకే స్టెంట్ వేసి ఉంటే మాత్రం, రక్తం పలచబరిచే మందులు ఎప్పుడు ఆపవచ్చో కార్డియాలజిస్టు తేల్చేదాకా తేదీ తీసుకోకండి.

మీ ప్రశ్నలో ఆయన గురక సంగతి లేదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉంటే బీపీ ఎన్ని మాత్రలకూ లొంగకపోవచ్చు, మత్తు ఇచ్చే సమయంలోనూ అది ప్రమాదమే. నాకు ఆ జబ్బు ఉందని ఆపరేషన్‌కు ముందు చేసిన నిద్ర పరీక్షలోనే బయటపడింది, మూడు వారాలపాటు రాత్రిపూట, మాస్కు గుండా గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ మిషన్ పెట్టుకున్న తరువాతే నన్ను థియేటర్‌లోకి తీసుకువెళ్ళారు. ఆయన రాత్రిపూట ఉక్కిరిబిక్కిరై లేస్తున్నారా, గురక మధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దం వస్తోందా అని మీ వదినగారిని అడిగి, ఆమె చెప్పినది సర్జన్‌కూ, మత్తు డాక్టరుకూ ముందే తెలియజేయండి.