మెడికల్ షాపులో వేలి రక్తంతో కొలెస్ట్రాల్ పరీక్ష... నమ్మొచ్చా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మా వీధి మెడికల్ షాపులో క్యాంపు పెట్టి, వేలికి సూది గుచ్చి కొలెస్ట్రాల్ చూశారు. మొత్తం 228, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 38, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని మరో రకం కొవ్వు) 310, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 128 అని చీటీ ఇచ్చారు. టిఫిన్ చేసే వెళ్లాను. కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ 10 ఎంజీ మాత్ర మొదలుపెట్టమంటున్నారు. మా నాన్నగారికి 52 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. మాత్ర వేసుకోనా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇప్పుడే వేసుకోకండి. అలాగని ఆ చీటీ పారేయకండి.

ఈ నాలుగు అంకెల్లో సాధారణంగా మిషన్ కొలిచేవి మూడే. ఎల్‌డీఎల్ లెక్కకట్టినది: మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతునూ తీసేస్తారు. 228లోంచి 38, 62 పోతే 128. ట్రైగ్లిజరైడ్స్ పెరిగేకొద్దీ ఈ లెక్క ఎల్‌డీఎల్‌ను తక్కువగా చూపిస్తుంది. 400 దాటితే అసలు పనికిరాదు. మీరు చూడాల్సింది 228లోంచి 38 తీసేస్తే వచ్చే 190. దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటాం. టిఫిన్‌తో పెద్దగా మారదు. ఏ ముప్పూ లేనివారికే 130 లోపు ఉండాలి.

310కి టిఫిన్‌ను తప్పుపట్టలేం. తిన్నాక ట్రైగ్లిజరైడ్స్ పెరిగేది సగటున 20-30 మాత్రమే. ముందురోజు రాత్రి మద్యం తాగారా? షుగర్ ఎప్పుడైనా చూపించుకున్నారా? చేతికి గ్లిజరిన్ ఉన్న క్రీము రాసుకున్నా ఈ అంకె దొంగగా పెరుగుతుంది, ఎందుకంటే మిషన్ కొలిచేది ట్రైగ్లిజరైడ్స్ నుంచి విడిపోయే గ్లిజరాల్‌నే. వేలు గట్టిగా పిండితే దీనికి రివర్సు: ఒంట్లోని నీరు కలిసి రక్తం పలచబడి అన్ని అంకెలూ తగ్గుతాయి. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక, వేలి పక్కన గుచ్చి, మొదటి బొట్టు తుడిచేయాలి. క్యాంపు హడావుడిలో ఇవన్నీ ఎవరు పాటిస్తారు! స్ట్రిప్పుల డబ్బా ఎండలో ఉన్నా రీడింగ్ తేడా వస్తుంది.

ల్యాబులో 10-12 గంటల పరగడుపున (మంచినీళ్లు తాగొచ్చు) లిపిడ్ ప్రొఫైల్ (ఈ కొవ్వులన్నీ చూసే రక్తపరీక్ష) చేయించండి. ఎల్‌డీఎల్ డైరెక్ట్‌గా కొలవమనండి. ఈమధ్య గట్టి జ్వరం వచ్చి ఉంటే నెల ఆగండి, ఆ సమయంలో కొలెస్ట్రాల్ తగ్గి కనిపిస్తుంది. దాంతోపాటే హెచ్‌బీఏ1సీ (షుగర్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), క్రియాటినిన్ (కిడ్నీ), ఎస్‌జీపీటీ (లివర్) పరీక్షలు. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలనే లైపోప్రొటీన్-ఏ (వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం కొలెస్ట్రాల్ కణం) కూడా. థైరాయిడ్ మందగించినా కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అది తెలుసుకోకుండా స్టాటిన్ (అటోర్వాస్టాటిన్ లాంటి మాత్ర) వేస్తే కండరాల నొప్పులు ఎక్కువగా వస్తాయి. షాపులో బీపీ కూడా చూసి ఉంటే నిజంగా మేలయ్యేది. నడుము 90 సెం.మీ. దాటిందేమో టేపుతో కొలిచి చూడండి.

రిపోర్టులతో ఫిజీషియన్‌ను కలవండి. తండ్రికి 55 ఏళ్లలోపు గుండెపోటు వచ్చిన చరిత్ర ఉంది కాబట్టి, డాక్టరు అదే మాత్ర రాసినా ఆశ్చర్యపోను. కానీ అది షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మొదలుపెడితే 4-12 వారాల్లో మళ్లీ పరీక్ష. అంకె మామూలుకొచ్చిందని మానేయకండి, వచ్చింది మాత్ర వల్లే. ఈలోగా గుడ్డు మానడం కన్నా రాత్రి అన్నం, స్వీట్లు, మద్యం తగ్గించడమే మీ ట్రైగ్లిజరైడ్స్‌కు పనిచేస్తుంది.

మీకు తోబుట్టువులుంటే వాళ్లకూ ఇదే పరీక్ష చేయించండి.